ఇంటి నుంచి మాత్రమే పోని మెయిల్: గుంటూరు మిర్చి కమిషన్ కొట్టు కేసు

నేపథ్యం

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే కొట్టు ఇది. సంస్థ పేరు, డొమైన్, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు, హోస్టింగ్ కంపెనీ ఎవరనేది ఇక్కడ చెప్పడం లేదు. పగలంతా కొట్లో తూకాలు, బేరాలు నడుస్తాయి. కొట్టు మూశాక యజమాని ఇంటి మేడ మీది గదిలో గుమాస్తా లెక్కలకు కూర్చుంటారు. టాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు తీసి, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ తూకానికి పోయాయో పట్టిక జతచేసి, బయటి రాష్ట్రాల్లోని కొనుగోలుదార్లకు మెయిల్ చేస్తారు. లాట్ ఫొటోలు అవుట్‌లుక్ నుంచి వేరుగా పంపుతారు. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో బిల్లుల మెయిళ్లు రోజుకు అరవై నుంచి ఎనభై దాకా ఉంటాయి.

సంస్థకు సొంత డొమైన్ ఉంది. మెయిల్ ఒక షేర్డ్ హోస్టింగ్ కంపెనీ (ఒకే సర్వర్‌ను చాలామంది ఖాతాదార్లకు పంచి ఇచ్చేది) వారి, సీప్యానెల్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌లో ఉంది. కొట్లో బిజినెస్ కనెక్షన్ ఉంది, దానికి స్థిర ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఉంది. ఇంట్లో ఉన్నది మామూలు గృహ వినియోగ ఫైబర్. లెక్కలకు వాడే లాప్‌టాప్ ఒక్కటే, రెండు చోట్లా అదే తిరుగుతుంది. ఈ సంగతి దర్యాప్తుకు చాలా పనికొచ్చింది.

వచ్చిన సమస్య

"మెయిల్ వస్తోందండీ, పోవట్లేదు" అన్నారు గుమాస్తా. కొట్లో పోతుంది, ఇంట్లో పోదు. ఇంట్లోనే ఫోన్ హాట్‌స్పాట్ పెడితే పోతుంది. బ్రౌజర్లో వెబ్‌మెయిల్ తెరిస్తే ఎప్పుడైనా పోతుంది. గోడకున్న ఓఎన్‌టీ పెట్టెను (ఫైబర్ తీగ వచ్చి చేరే మోడెమ్) ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి పోదు.

ఈ చివరి మాట వల్లే నెలన్నర గడిచిపోయింది. ఆపి వేస్తే నయమయ్యేదంతా పెట్టె జబ్బే అనుకోవడం సహజం. ఓఎన్‌టీని ఒకసారి మార్పించారు కూడా, ఫలితం లేదు. ముందు వచ్చిన టెక్నీషియన్ మూడు పనులు చేసి వెళ్లారు. లాప్‌టాప్‌లోనే హెచ్‌మెయిల్‌సర్వర్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టి అక్కడి నుంచి నేరుగా పంపించాలని చూశారు. డొమైన్‌కు రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు (ఈ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ ఐపీలకుందో చెప్పే నమోదు) చేర్చి, అందులో ఇంటి ఐపీ రాశారు. ఇంటికి కూడా స్థిర ఐపీ తీసుకోమని సలహా ఇచ్చారు. ఆ మూడోదానికి డబ్బు కట్టబోతున్న రోజుల్లో కేసు మా దగ్గరికి వచ్చింది. కట్టొద్దని చెప్పి పని మొదలుపెట్టాం. కారణం కింద వస్తుంది.

ముందుగా విడదీయాల్సింది

"మెయిల్ పోవట్లేదు" అన్న ఒక్క మాట వెనక ముగ్గురిలో ఎవరైనా ఉండొచ్చు. పాకెట్టును (డేటా ముక్కను) బయటికి వదలని ఇంటి ఇంటర్నెట్ ఒకటి. మెయిల్‌ను తీసుకోని పంపే సర్వర్ రెండోది. తీసుకున్నాక తిప్పికొట్టే అవతలివాళ్ల సర్వర్ మూడోది. ఏ మార్పైనా చేసే ముందు, వద్దంటున్నది ఎవరో తేల్చాలి.

అలా చూస్తే ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. టాలీ నుంచి ఇంట్లో ఒక్క మెయిల్ కూడా ఏనాడూ పోలేదు. అవుట్‌లుక్ నుంచి ఒకరోజు పోతుంది, ఒకరోజు పోదు. ఎప్పుడూ జరిగేదానికీ, అప్పుడప్పుడూ జరిగేదానికీ మూలం ఒకటే కావడం అరుదు. సెట్టింగులు తెరిస్తే విషయం తేలింది: టాలీలో పోర్టు 25, అవుట్‌లుక్‌లో 587. పోర్టు అంటే సర్వర్‌లో ఒక్కో పనికి ఉన్న తలుపు నంబరు.

రెండు అనుమానాలను త్వరగానే పక్కన పెట్టాం. తప్పు పాస్‌వర్డుతో పదేపదే ప్రయత్నిస్తే హోస్టింగ్ ఫైర్‌వాల్ ఆ ఐపీని మొత్తంగా మూసేయవచ్చు. కానీ అప్పుడు వచ్చే మెయిల్ కూడా ఆగాలి, అదే సర్వర్ మీదున్న సంస్థ వెబ్‌సైటు కూడా తెరుచుకోకూడదు. ఇక్కడ 993 పోర్టు మీద, వచ్చిన మెయిల్ చూపించే ఐఎమ్యాప్ నిక్షేపంగా నడుస్తోంది. రెండోది పాకెట్టు సైజు తేడా. పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డుతో కలిసే) కనెక్షన్‌లో ఎంటీయూ, అంటే ఒక పాకెట్టు గరిష్ఠ సైజు, 1492 బైట్లు దాటకూడదు. అది కుదరకపోతే చిన్న మెయిళ్లు పోయి పెద్దవి మధ్యలో ఆగిపోతాయి. ఇక్కడ ఒక్క లైను మెయిల్ కూడా ఆగుతోంది కాబట్టి అదీ కాదు.

టాలీ: పోర్టు 25

పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశానికి సర్వర్ పేరు, పోర్టు అంకె ఇచ్చి ఇంటి నుంచి అడిగాం. 25కు ఇరవై సెకన్లకు పైగా మౌనం, తర్వాత ఫెయిల్. 587, 465లకు వెంటనే జవాబు. మౌనంగా సమయం మించిపోతే దారిలో ఎవరో పాకెట్టును మింగేస్తున్నట్టు లెక్క. వెంటనే "రిఫ్యూజ్డ్" వస్తే అవతలి యంత్రం దాకా చేరింది, అక్కడ ఆ పోర్టులో వినేవాళ్లు లేరని అర్థం. అదే సర్వర్‌ను అదే పోర్టులో కొట్టు కనెక్షన్ నుంచి అడిగితే 220తో మొదలయ్యే పలకరింపు వచ్చింది. ఇంటి ప్రొవైడర్ 25ను బయటికి వదలడం లేదని అలా తేలింది.

ఇది ప్రొవైడర్ తప్పు కాదు, ఫిర్యాదు చేయాల్సిన పనీ లేదు. పోర్టు 25 ఉన్నది సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకోవడానికి. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు స్పామ్ చల్లేది కూడా ఆ దారినే. అందుకే గృహ కనెక్షన్లలో దాన్ని మూసి ఉంచడం ప్రపంచమంతటా ఉన్న ఆనవాయితీ. మనుషుల కంప్యూటర్ల నుంచి సర్వర్‌కు మెయిల్ అప్పగించడానికి 587ను 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2476 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం వేరుగా కేటాయించింది. మొదటి నుంచే టీఎల్‌ఎస్ గుప్తీకరణతో మొదలయ్యే 465ను 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8314 సిఫారసు చేసింది. ప్రొవైడర్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 25 తెరవమని బతిమాలిన గంటలో మూడు సంస్థలకు 587 పెట్టేయొచ్చు.

మరి టాలీకి పాస్‌వర్డే ఇవ్వలేదు కదా, కొట్లో ఎలా పోతోంది? యూజర్ పేరు, పాస్‌వర్డు గళ్లు రెండూ ఖాళీగానే ఉన్నాయి. పాస్‌వర్డు అడగకుండా బయటి డొమైన్లకు మెయిల్ పంపించే సర్వర్ అంటే తలుపులు బార్లా తెరిచిన ఇల్లే. కొట్లో అవుట్‌లుక్ మూసి ముప్పావుగంట ఆగి టాలీ నుంచి పంపించి చూశాం. 550 వచ్చింది: రిలేకు (బయటి డొమైన్లకు పంపించడానికి) అనుమతి లేదు, గత 30 నిమిషాల్లో మీరు పాప్ లేదా ఐఎమ్యాప్‌లో లాగిన్ కాలేదేమో అని దాని సారాంశం. అవుట్‌లుక్ తెరిచి మెయిల్ చూసుకున్నాక మళ్లీ పంపితే పోయింది. పాప్ బిఫోర్ ఎస్‌ఎమ్‌టీపీ అనే పాత పద్ధతి అది (పాప్ అంటే మెయిల్ చూసుకునే దారి, ఎస్‌ఎమ్‌టీపీ అంటే పంపే దారి). ఒక ఐపీ నుంచి ఎవరైనా మెయిల్ చూసుకుంటే, అరగంట పాటు ఆ ఐపీ నుంచి ఎవరు పంపినా సర్వర్ నమ్మేస్తుంది. కొట్లో స్థిర ఐపీ కాబట్టి ఇన్నేళ్లూ గుట్టుగా నడిచింది. ఒక ఐపీని పదుల ఇళ్లు పంచుకునే చోట ఈ పద్ధతి ఉంటే, పక్కవీధి కంప్యూటర్ కూడా మన డొమైన్ మీద సవారీ చేయొచ్చు.

టాలీలో సర్వర్ చిరునామా పక్కన కోలన్ పెట్టి 587 రాశాం, ఎస్ఎస్ఎల్ (గుప్తీకరణ) ఆన్ చేశాం, పూర్తి మెయిల్ చిరునామానే యూజర్ పేరుగా ఇచ్చి పాస్‌వర్డు నింపాం. సీప్యానెల్‌లో @ ముందున్న ముక్క ఒక్కటే ఇస్తే 535 (లాగిన్ కుదరలేదన్న సంకేతం) వస్తుంది. అది చూసి పాస్‌వర్డు తప్పనుకుని మార్చుకుంటూ పోయేవాళ్లు చాలామంది. ఇక టాలీ కూడా అవుట్‌లుక్‌లాగే "ఒకరోజు పోతుంది, ఒకరోజు పోదు" స్థితికి వచ్చింది. చూసేవాళ్లకు ఇది పురోగతిలా కనిపించలేదు, నిజానికి పురోగతే. రెండు జబ్బులు ఒకటయ్యాయి.

అవుట్‌లుక్: ఒకరోజు పోవడం, ఒకరోజు పోకపోవడం

అవుట్‌లుక్ తెర మీద కనిపించేది సర్వర్ స్పందించలేదన్న సాధారణ సందేశమే. దాన్ని నమ్మలేదు. పోని రోజున టెల్నెట్‌తో 587కు నేరుగా కలిపి మొదటి లైను చూశాం. 220 రావాల్సిన చోట 550 వచ్చింది, పక్కన ఇంటి ఐపీ, చెడ్డపేరున్న ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ సంస్థ జెన్ జాబితా పేరు, వెతికి చూసుకోమని ఒక లింకు.

దీంట్లో రెండు విషయాలున్నాయి. ఒకటి, వద్దంటున్నది ఇంటి ప్రొవైడర్ కాదు, సంస్థ డబ్బు కట్టి వాడుకుంటున్న హోస్టింగ్ సర్వరే. రెండు, పాస్‌వర్డు చెప్పే అవకాశం కూడా ఇవ్వకుండా గుమ్మంలోనే వద్దంటోంది. అందుకే పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేకపోయింది. వెబ్‌మెయిల్ ఎందుకు పోతోందో కూడా ఇక్కడే అర్థమైంది. అక్కడ బ్రౌజర్ మాట్లాడేది వెబ్ సర్వర్‌తో. మెయిల్‌ను ఎస్‌ఎమ్‌టీపీలో అప్పగించేది సర్వర్ లోపలి ప్రోగ్రామే, ఇంటి ఐపీ ఆ గుమ్మం ముందుకే రాదు.

జెన్ అనేది ఒక్క జాబితా కాదు, కొన్నిటి మూట. ఐపీ ఇచ్చి అడిగితే జవాబుగా వచ్చే అంకెను బట్టి ఏ జాబితాలో ఉన్నామో తెలుస్తుంది. 127.0.0.10 లేదా 11 వస్తే పీబీఎల్. ఇది తప్పుచేసినవాళ్ల జాబితా కాదు. ఈ ఐపీలు గృహ వినియోగానివి, ఇక్కడి నుంచి నేరుగా మెయిల్ రాకూడదు అని చెప్పే జాబితా మాత్రమే. 127.0.0.4 వస్తే ఎక్స్‌బీఎల్, అంటే ఆ ఐపీ వెనక వైరస్ పట్టిన యంత్రం ఏదో కనిపించిందని. ఇంటి ఐపీకి రెండూ వచ్చాయి. హాట్‌స్పాట్ ఐపీకి పీబీఎల్ ఒక్కటే వచ్చింది, అయినా దాన్నుంచి మెయిల్ పోతోంది. కాబట్టి ఈ హోస్టింగ్ సర్వర్ గుమ్మంలో ఆపుతున్నది ఎక్స్‌బీఎల్ ఉన్నవాళ్లనే.

ఇలా వెతికేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. డొమైన్ పేర్ల వివరాలు వెతికిపెట్టే గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అని జవాబిస్తుంది. ఈ దారిలో అడగొద్దు అని దాని అర్థమే తప్ప, మీరు జాబితాలో ఉన్నారని కాదు. కొందరు సర్వర్ నిర్వాహకులు కూడా దీన్ని తప్పుగా చదివి, వచ్చిన ప్రతి మెయిల్‌నూ తిప్పికొట్టేలా పెట్టేస్తుంటారు. చేత్తో చూసుకోవడానికి స్పామ్‌హౌస్ వాళ్ల వెబ్ పేజీయే నయం.

ఓఎన్‌టీ ఆపి వేస్తే ఎందుకు బాగవుతోంది? రౌటర్ పేజీలో బయటివైపు ఐపీ 100తో మొదలై, రెండో అంకె 64, 127 మధ్య ఉంది. ఈ 100.64 పరిధిని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఇందుకోసమే పక్కన పెట్టింది: ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకునే సీజీనాట్ ఏర్పాటుకు. పెట్టె ఆపి వేస్తే సమూహంలోంచి వేరే పబ్లిక్ ఐపీ చేతికొస్తుంది. అది శుభ్రంగా ఉంటే మెయిల్ పోతుంది, లేకపోతే పోదు. నెలన్నరగా ఓఎన్‌టీ చేస్తున్న వైద్యం ఇదే, లాటరీ.

అయితే ఆ వైరస్ యంత్రం ఈ ఇంట్లోనే ఉంటే? తప్పు పక్కింటి మీదికి తోసే ముందు ఇది చూడాలి. ఈ ఇంట్లో రాత్రి పది దాటాక ఓఎన్‌టీ స్విచ్ ఆపేస్తారు. స్పామ్‌హౌస్ పేజీలో చూపించిన గుర్తింపు సమయం అర్ధరాత్రి దాటాక ఉంది, అప్పుడు ఈ ఇంటి కనెక్షన్ అసలు బతికి లేదు. అలా మూడు రోజులు మూడు ఐపీలకు చూసి రాసుకున్నాం, మూడూ అలాగే ఉన్నాయి. అయినా ఇంట్లోని రెండు లాప్‌టాప్‌లు, ఒక ఆండ్రాయిడ్ టీవీ పెట్టె, ఫోన్లు తనిఖీ చేశాం. టీవీ పెట్టెలో తెలియని చోట నుంచి దించుకున్న యాప్ ఒకటి ఉంటే తీసేశాం. నేరం దానిదని చెప్పే ఆధారం లేదు, ఉంచడానికి కారణమూ లేదు.

పోర్టు 25 మూసిన కనెక్షన్ ఐపీ ఎక్స్‌బీఎల్‌లోకి ఎలా ఎక్కింది అనే ప్రశ్న వస్తుంది. వైరస్ యంత్రాలను పట్టేది స్పామ్ ద్వారానే కాదు. వాటి యజమాని సర్వర్ల స్థానంలో పరిశోధకులు వలలు పెడతారు, ఆదేశాల కోసం వచ్చి తగిలినా ఐపీ నమోదవుతుంది.

పనికిరానివి

మొదట జాబితాలోంచి తీసేయమని అడిగాం. తీసేశారు. రెండో రోజుకే మళ్లీ ఎక్కింది. వైరస్ యంత్రం ఎవరింట్లో ఉందో మనకు తెలియదు, అది శుభ్రం కాకుండా ఐపీ శుభ్రం కాదు. సీజీనాట్ ఐపీని జాబితాలోంచి తీయించడం ఉమ్మడి వీధి కాలువను మన ఇంటి ముందు వరకే ఊడ్చుకోవడం లాంటిది. పని జరగదని ముందే తెలిసినా ఒకసారి చేశాం, ఎంత సమయంలో తిరిగి ఎక్కుతుందో కొలుచుకోవడానికి.

వీపీఎన్ పెట్టి చూశాం. పరిస్థితి మరింత చెడింది. ఉచిత వీపీఎన్ల బయటి ఐపీలను వేలమంది పంచుకుంటారు, వాటిలో చెడ్డపేరు లేనిది దొరకడం కష్టం. పైగా బ్యాంకు సైట్లు ప్రతిసారీ ఓటీపీ అడగడం మొదలుపెట్టాయి.

స్థిర ఐపీ గురించి చెప్పాలి. కొంటే ఇతర ఇళ్ల పాపం తగలదు, నిజమే. కానీ నెలనెలా కట్టే డబ్బు పోయేది వేరొకరి సర్వర్లో ఉన్న తప్పు అమరికకు. ఇంకా ముఖ్యమైన సంగతి, ముందు టెక్నీషియన్ ఉద్దేశం స్థిర ఐపీతో హెచ్‌మెయిల్‌సర్వర్ నుంచి నేరుగా పంపడం. దానికి పోర్టు 25 తెరిపించాలి, ఐపీ నుంచి పేరుకు పోయే రివర్స్ డీఎన్ఎస్‌ను ప్రొవైడర్ చేత పెట్టించాలి, పీబీఎల్‌లోంచి తీయించాలి, ఆ తర్వాత కొత్త ఐపీకి మంచిపేరు వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి. రోజుకు ఎనభై బిల్లులు పంపుకునే కొట్టుకు అంత సొంత తపాలాఫీసు ఎందుకు?

హోస్టింగ్ కంపెనీకి రాయడం మాత్రం సరైన పనే. సారాంశం ఇది: 587, 465 పోర్టుల్లో పాస్‌వర్డుతో లాగిన్ అయ్యేవాళ్లకు ఎక్స్‌బీఎల్ తనిఖీ వర్తించకూడదు, తనిఖీని కనెక్షన్ దశ నుంచి లాగిన్ తర్వాతి దశకు మార్చండి. టెల్నెట్ మొదటి లైను, సమయం, ఐపీ జతచేశాం. షేర్డ్ సర్వర్ కాబట్టి ఒక్క ఖాతా కోసం నియమం మార్చలేమని జవాబొచ్చింది, మీ ఇంటర్నెట్ ప్రొవైడర్‌ను అడగండి అని కొసరు. ప్రొవైడర్‌ను అడిగితే ఏం చెబుతారో ఊహించొచ్చు. ఇద్దరి మధ్య బంతి కావడం కస్టమర్‌కు అలవాటే. ఇక్కడితో ఆ దారి వదిలేశాం.

పనిచేసినది

మెయిల్ పెట్టెను అక్కడే ఉంచి, పంపే దారిని మాత్రం విడగొట్టాలని నిర్ణయించాం. వచ్చేది పాత హోస్టింగ్‌లోనే, పోయేది వేరే రిలే సేవ ద్వారా. ఇలా చేయొచ్చని చాలామందికి తోచదు, ఎందుకంటే అవుట్‌లుక్ రెండింటినీ ఒకే ఖాతాగా చూపిస్తుంది. నిజానికి ఐఎమ్యాప్‌కూ ఎస్‌ఎమ్‌టీపీకీ చుట్టరికం ఏమీ లేదు.

మూడు దారులు చూశాం. సాధారణ జీమెయిల్ ఖాతా ద్వారా పంపొచ్చు: రెండంచెల ధ్రువీకరణ పెట్టి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి, రోజుకు 500 హద్దు చాలు. కానీ పంపినవారి చిరునామా జీమెయిల్‌గా మారుతుంది. బ్యాంకు ఖాతా నంబరున్న బిల్లు కొత్త చిరునామా నుంచి వస్తే కొనుగోలుదారు అనుమానించాలి కూడా. మెయిల్ మొత్తాన్ని గూగుల్ వర్క్‌స్పేస్‌కు మార్చడం శుభ్రమైన దారి, అయితే సీజన్ మధ్యలో ఏళ్లనాటి మెయిల్ తరలించే ధైర్యం యజమానికి లేదు. ఆయన భయం సబబే. మూడోది అమెజాన్ ఎస్‌ఈఎస్, ముంబై రీజియన్‌తో. ఇక్కడ దీని పని మెయిల్ పంపడం మాత్రమే, వెయ్యి మెయిళ్లకు పది అమెరికన్ సెంట్లు. దీన్నే తీసుకున్నాం. ఇది లాగిన్ అయినవాడి ఐపీకి ఎక్స్‌బీఎల్ చూడదు, పాస్‌వర్డు సరిగా ఉంటే చాలు.

కొత్త ఖాతా శాండ్‌బాక్స్‌లో ఉంటుంది: రోజుకు 200, సెకనుకు ఒకటి, అదీ ముందుగా ధ్రువీకరించిన చిరునామాలకే. బయటికి రావడానికి అర్జీ పెట్టాలి. అందులో "మార్కెటింగ్" అన్న వాసన తగలకుండా ఉన్నది ఉన్నట్టు రాశాం: సరుకు కొన్నవాళ్లకే బిల్లులు, రోజుకు ఇన్ని, తిరిగొచ్చిన చిరునామాలను టాలీలో ఎవరు సరిదిద్దుతారు. రెండు ముక్కలు రాసి పంపేవాళ్లకే తిరస్కారాలు ఎక్కువ.

పోర్టులు 587, 465తో పాటు 2587, 2465 కూడా ఉన్నాయి. హోటళ్లలో, కొన్ని ఆఫీసుల్లో 587ను కూడా మూస్తారు, అప్పుడు ఈ చివరివి అక్కరకొస్తాయి. టాలీకి ఒకటి, అవుట్‌లుక్‌కు ఒకటి చొప్పున వేర్వేరు ఎస్‌ఎమ్‌టీపీ పాస్‌వర్డులు తీశాం. ఇవి అమెజాన్ ఖాతా లాగిన్ కాదు, తీసినప్పుడు ఒక్కసారే కనిపిస్తాయి. ఒకటి బయటపడితే దాన్ని రద్దు చేస్తే సరిపోతుంది, రెండోది నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడి నుంచి వద్దనే హక్కు మూడోవాడిది, అంటే అవతలి సర్వర్‌ది. కాబట్టి డీఎన్ఎస్ సరిచేయాలి. మొదట చేసింది చేర్చడం కాదు, తీసేయడం. డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉన్నాయి. ఒకటికి మించి ఉంటే వాటిని కలిపి చదవరు, లెక్క శాశ్వత దోషంగా తేలుతుంది, రెండూ చెల్లవు. నెలన్నరగా కొట్టు నుంచి పోయిన మెయిళ్లు కూడా కొందరికి స్పామ్‌లో పడుతున్నాయన్న ఫిర్యాదుకు మూలం ఇదే. అందులో ఇంటి ఐపీ రాయడం మొదటి నుంచీ అనవసరం. ఎస్‌పీఎఫ్ చూసేది గ్రహీత గుమ్మానికి వచ్చి నిలబడిన సర్వర్ ఐపీని. ఇంటి లాప్‌టాప్ అప్పగించేది మధ్య సర్వర్‌కు, గ్రహీత గడపకు అది ఎప్పుడూ పోదు. పైగా సీజీనాట్ ఐపీని రాయడమంటే, మన పేరుతో పంపే అధికారం ముక్కూమొహం తెలియని ఇళ్లకు రాసివ్వడమే.

డీకిమ్ సంతకానికి (మెయిల్ నిజంగా ఈ డొమైన్‌దేనని చూపే గుర్తు) ఎస్‌ఈఎస్ ఇచ్చిన మూడు సీనేమ్ రికార్డులు (ఒక పేరును మరో పేరుకు చూపేవి) చేర్చాం. సీప్యానెల్ డీఎన్ఎస్ గడిలో పేరు చివర డొమైన్ దానంతటదే అతుక్కుంటుంది, పూర్తి పేరు అతికిస్తే డొమైన్ రెండుసార్లు వచ్చి రికార్డు ఎక్కడా దొరకదు. మొదటిసారి అదే జరిగింది, రెండు గంటలు పోయాయి. బౌన్స్ (తిరిగొచ్చే మెయిళ్ల) చిరునామా కోసం ఒక సబ్‌డొమైన్ పెట్టి దానికి ఎస్‌ఈఎస్ చెప్పిన ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే రికార్డు), ఎస్‌పీఎఫ్ ఇచ్చాం. ఇది లేకపోతే ఎస్‌పీఎఫ్ అమెజాన్ డొమైన్ పేరు మీద పాసవుతుంది తప్ప మన పేరు మీద కాదు. సబ్‌డొమైన్‌లో పెట్టడం వల్ల ఇంకో లాభం: ఒక ఎస్‌పీఎఫ్ లెక్కలో పది డీఎన్ఎస్ వెతుకులాటల హద్దుంది, ప్రధాన రికార్డులో ఆ కోటా ఖర్చు కాదు. చివరగా డీమార్క్ (ఈ తనిఖీల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవతలివాళ్లకు చెప్పే రికార్డు), మొదట ఏమీ ఆపని స్థాయిలో, నివేదికలు ఒక పెట్టెకు వచ్చేలా.

పరీక్ష ఇలా చేశాం. స్పామ్‌హౌస్ పేజీలో ఇంటి ఐపీ ఎక్స్‌బీఎల్‌లో ఉన్న సాయంత్రం కోసం ఆగి, ఆ రోజే పంపించాం. శుభ్రమైన ఐపీ ఉన్న రోజున పంపి "బాగైంది" అనుకుంటే ఏమీ తేలదు. జీమెయిల్‌లో తెరిచి "ఒరిజినల్ చూపించు"లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాసైనట్టు చూశాం. 11వ తేదీ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) గడువు వారంలో, మెయిళ్లు ముమ్మరంగా ఉన్న మూడు సాయంత్రాలు ఓఎన్‌టీని ఎవరూ ముట్టుకోలేదు.

దారి సరిపోయాక బయటపడినవి

దారి తెరుచుకున్నాక ఫొటోల మెయిళ్లు కొన్ని అవతలి నుంచి సైజు ఎక్కువని తిరిగొచ్చాయి. మెయిల్‌లో ఫైలు అక్షరాలుగా మారి ప్రయాణిస్తుంది, ప్రతి మూడు బైట్లు నాలుగవుతాయి, లైను విరామాలతో మూడో వంతుకు పైనే పెరుగుతుంది. కాబట్టి 25 ఎంబీ హద్దున్న పెట్టెకు 18 ఎంబీ ఫైళ్లతోనే నిండుతుంది. ఫోన్లో తీసిన నాలుగేసి ఎంబీల ఫొటోలు ఎనిమిది పెడితే ఎలా పోతాయి? వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి పంపమన్నాం. తాలు కాయ, రంగు తేడా కనిపించడానికి అది చాలు.

టాలీ నుంచి పోయినవి పంపిన మెయిళ్ల ఫోల్డర్‌లో కనిపించవు. అవుట్‌లుక్ తన కాపీని ఐఎమ్యాప్‌లో దాచుకుంటుంది, టాలీ దాచదు. "పంపలేదు" అన్న తగాదా వస్తే చూపించడానికి ఏదో ఉండాలి కాబట్టి, బిల్లులన్నిటికీ సంస్థదే ఇంకో చిరునామాను కాపీలో పెట్టించాం.

డీమార్క్ నివేదికల్లో నాలుగు వారాలకు ఒక తెలియని మూలం కనిపించింది. విచారిస్తే అది సంస్థ వెబ్‌సైట్లోని సంప్రదింపు ఫారం, వేరే సర్వర్ నుంచి డొమైన్ పేరుతో మెయిల్ పంపుతోంది. దాన్ని కూడా ఎస్‌ఈఎస్ దారిలోకి మార్చాకే డీమార్క్‌ను క్వారంటైన్ స్థాయికి పెంచాం. ముందే పెంచి ఉంటే కొత్త కొనుగోలుదార్ల విచారణలు ఎవరికీ తెలియకుండా స్పామ్‌లో ఎండిపోయేవి.

కొట్లోని స్కానర్ ఒక్కటే మిగిలింది. అది టీఎల్ఎస్ 1.0 దాటి మాట్లాడలేదు, ఎస్‌ఈఎస్ 1.2 కంటే తక్కువను ఒప్పుకోదు, ఆ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ లేదు. మెయిల్ చేసే బటన్‌ను వదిలేసి, స్కాన్ చేసినది లాప్‌టాప్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పడేలా పెట్టాం. గుమాస్తా అక్కడి నుంచి తీసి జతచేస్తున్నారు.